గాజుతొట్టెలో సముద్రపు గడ్డి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా ఇంట్లో రెండు వందల లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉందని, అందులో చేపలకంటే మొక్కలే ఎక్కువని తెలిసి, నిర్వాహకులు దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

సముద్రంలో పచ్చగా కనిపించేదంతా నాచు కాదు. నాచుకు నిజమైన వేళ్లు, పూలు ఉండవు. సముద్రపు గడ్డి మాత్రం వేళ్లుండి, పూలు పూసే మొక్క. మన పులికాట్ సరస్సులోనూ ఉంది. నాచును రాయికి తగిలించినా బతుకుతుంది. గడ్డికి నాలుగైదు అంగుళాల ఇసుక, మనకు నెలల తరబడి ఓపిక కావాలి.

నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. వంట ఉప్పు కాదు, అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు. మొదట్లో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోశాను. ఆకులు గోధుమరంగుకు తిరిగాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే మిగులుతుందని ఉప్పుమడుల పాఠంలో మాస్టారు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది! ఇప్పుడు తగ్గినంత మేరకు ఫిల్టర్ చేసిన మంచినీళ్లే పోస్తున్నాను.

రెండో తప్పుకు ఖరీదు ఎక్కువ. కాలెర్పా అనే నాచు ఉంది. మూరెడు తీగ పాకినా అదంతా ఒకే కణం, లోపల లెక్కలేనన్ని కేంద్రకాలు. అందంగా ఉంది కదా అని కత్తిరించకుండా వదిలేశాను. ఒకరోజు పొద్దున్నే చూస్తే నీళ్లు పాలలా ఉన్నాయి. తనలోని సారమంతా సంయోగబీజాలుగా విడిచేసి, తీగ తెల్లగా పాలిపోయింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రెండు చేపలు చచ్చిపోయాయి. వాటికి పేర్లు పెట్టింది మా మనవరాలు. "రోజూ చూస్తూనే ఉన్నావు కదా తాతయ్యా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. చూడడం వేరు, చూసుకోవడం వేరు.

అప్పటినుంచి కాలెర్పా తీసేసి, పీచులా ఉండే కీటోమార్ఫా పెంచుతున్నాను. వారానికోసారి గుప్పెడు కత్తిరించి తీస్తే, దానితోపాటు నీటిలో పేరుకునే నైట్రేటు, ఫాస్ఫేటు కూడా బయటికి పోతాయి.

తీసింది ఎక్కడ వేస్తామన్నదీ ముఖ్యమే. అక్వేరియంలలో పెంచే కాలెర్పా రకం ఒకటి 1984లో మొనాకో తీరంలో చిన్న మడిలా కనిపించింది. తర్వాత మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలో బయటపడితే, పైన టార్పాలిన్లు కప్పి, కింద క్లోరిన్ పట్టించి, పూర్తిగా పోయిందని 2006లో గానీ ప్రకటించలేకపోయారు. అందుకే నేను ముక్క కూడా కాలువలో వేయను. ఎండలో పెళుసెక్కేదాకా ఎండబెట్టి చెత్తబుట్టలో వేస్తాను.

మన బడి సైన్సు గదికి ఇలాంటి చిన్న తొట్టె ఒకటి ఇవ్వాలని ఉంది. గురువులు అనుమతిస్తే, ఒక్క షరతు. నీళ్లు కొలవడం, నాచు కత్తిరించడం పిల్లలే చేయాలి. ఇసుకలోంచి మొదటి కొత్త ఆకు లేచిన రోజు నాకూ కబురు పెట్టాలి.

సెలవు.