ఎముకల క్యాన్సర్, వికలాంగ పింఛను: చట్టం దేన్ని కొలుస్తుంది?

(ప్రసంగ పాఠం)



సహాయం కోరి మా దగ్గరకు వచ్చే కుటుంబాలు తరచుగా ఒకే కాగితం పట్టుకొని వస్తాయి. అది బయాప్సీ రిపోర్టు. దానిమీద ఆస్టియోసార్కోమా అనో, యూయింగ్ సార్కోమా అనో రాసి ఉంటుంది. “ఇంత పెద్ద జబ్బుకు పింఛను ఎందుకు రాదు?” అని తల్లులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే సదరం శిబిరంలోని వైద్యుడు ఆ ఒక్క కాగితం చూసి తిప్పి పంపితే, అది చట్టాన్ని అతిక్రమించడం కాదు. ఈ మాట చేదుగా ఉన్నా ముందే చెప్పుకోవడం మేలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఆ జాబితాలో ఉన్నాయి. క్యాన్సర్ లేదు. మరి ఎముకల క్యాన్సర్ బాధితులకు దారి ఎక్కడిది? ఆ జబ్బు, లేదా దాని చికిత్స, కాలికో చేతికో కలిగించిన నష్టంలో ఉంది. చట్టం దాన్ని చలన వైకల్యం అంటుంది. ఆ నష్టం 40 శాతానికి తగ్గకుండా ఉంటే పింఛనుకూ, రిజర్వేషన్లకూ తలుపు తెరుచుకుంటుంది. తెలంగాణలో వికలాంగ పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000 రూపాయలు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో బిడ్డ మంచాన పడితే ఆ సొమ్ము విలువ ఎంతో ఈ సభలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

కాలు తీసివేసిన వారి విషయంలో చిక్కు తక్కువ. మోకాలి పైభాగాన తొడ దగ్గర తీసివేస్తే 80 నుంచి 85 శాతం, మోకాలి కింద తీసివేస్తే స్థానాన్ని బట్టి 60 నుంచి 70 శాతం అని కేంద్ర మార్గదర్శకాలే నిర్ణయించాయి. ఇక్కడ వాదనకు తావు లేదు.

చిక్కంతా కాలు దక్కినవారిది. ఈ రోజుల్లో వైద్యులు కణితి ఉన్న ఎముక భాగాన్ని తొలగించి, లోహపు కీలు అమర్చి, కాలిని కాపాడుతున్నారు. అది మంచి వైద్యం, సందేహం లేదు. కానీ ఆ పిల్లవాడు శిబిరానికి నడిచే వస్తాడు. ప్యాంటు కింద మచ్చ కనబడదు. “చూడటానికి బాగానే ఉన్నాడు కదా” అనే మాట అక్కడ వినబడుతుంది. అతను మోకాలు ముడవలేడనీ, నేలమీద కూర్చోలేడనీ, రెండు కాళ్ల మధ్య పొడవులో తేడా వచ్చిందనీ, బరువు ఎత్తరాదని సర్జన్ హెచ్చరించారనీ ఎవరు చెప్పాలి? కాగితమే చెప్పాలి. కీలు ఎంత మేరకు కదులుతుంది, కండరాల బలం ఎంత, కాలు ఎంత కురచబడింది అన్నవే శాతాన్ని తేల్చే కొలతలు. కాబట్టి ఆపరేషన్ చేసిన సర్జన్ చేత వీటిని అంకెలతో సహా రాయించుకోవాలి. ఏ ఎముక ఎన్ని సెంటీమీటర్లు తొలగించారో కూడా అందులో ఉండాలి. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరున్న ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా, డిశ్చార్జి రోజునే అడగడం సులభం. ఆరు నెలల తరువాత ఫైలు వెతికించడం కష్టం.

ఒక చిన్న మాట. ఈ క్యాన్సర్ ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకు, మోకాలి చుట్టుపక్కల వస్తుంది. ఆటలో దెబ్బ తగిలిందనుకొని కట్టు కట్టించి, నూనె పెట్టి మర్దన చేస్తూ నెలలు గడపవద్దు. రాత్రిపూట నొప్పి, తగ్గని వాపు ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి.

ఇక మన ఇళ్లలో ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది పేర్లది. ఆధార్‌లో “షేక్” అని పూర్తిగా, ఆస్పత్రి ఫైలులో పొడి అక్షరాలతో, రేషన్ కార్డులో ఇంటిపేరే లేకుండా! మహమ్మద్ అన్న ఒక్క పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో లెక్కే లేదు. ఈ తేడా వల్ల దరఖాస్తు ఆగిపోకుండా, చికిత్స మొదలయ్యేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు ఫైలు రాయించండి. తొడ, తుంటి పరీక్ష చేయించుకోవలసిన ఆడపిల్లలు సిగ్గుపడి శిబిరానికే రాకుండా ఉండిపోవద్దు. మహిళా వైద్యురాలి ఎదుట పరీక్ష జరపమని అడగడంలో తప్పు లేదు.

దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ కాగితం తీసుకోకుండా వెనక్కి రావద్దు. చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలుకు అదే ఆధారం. మార్పుకు అవకాశం ఉన్న వైకల్యానికి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని గడువు తేదీని గోడమీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులను మళ్లీ పరీక్షలకు పిలిచారు. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు పారవేసిన ఇళ్లకు అలాంటప్పుడు ఎంత గాభరా!

క్యాన్సర్ రోగిగా దక్కేవి వేరే ఉన్నాయి, వాటికి వైకల్య శాతంతో పని లేదు. చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. చికిత్స కోసం రైలులో వెళ్లే రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతులలో చార్జీ పూర్తిగా మినహాయింపు.

అయినా ఒక ఖాళీ మిగిలే ఉంది. కీమోథెరపీ నెలల తరబడి సాగుతుంది. ఆ కాలంలో మనిషి లేవలేడు, తోడుగా ఉండేవారికీ పని పోతుంది. అవయవం పోలేదు గనుక ఆ నెలలకు పింఛను లేదు. ఇంటిని నడిపేది బంధువులు, ఇరుగుపొరుగు, జకాత్ సొమ్ము. ఇచ్చే చేతులకు మా కృతజ్ఞతలు. కానీ పౌరునికి రాజ్యం చేయవలసింది వారి మీద వదిలేయడం న్యాయం కాదు. చట్టం షెడ్యూలులోనే, కేంద్రం నోటిఫికేషన్ ద్వారా కొత్త వైకల్యాలను చేర్చవచ్చునని ఉంది. పార్లమెంటులో చట్ట సవరణ దాకా పోనక్కరలేదు. చికిత్సా కాలపు వైకల్యాన్ని అలా చేర్చమని కోరుతూ వినతిపత్రం తయారు చేశాము. ప్రతులు ద్వారం దగ్గర బల్లమీద ఉన్నాయి. సంతకం చేసేవారు తమ ఇంట చికిత్స ఎన్ని నెలలు సాగిందో, ఎన్ని పనిదినాలు పోయాయో కూడా పక్కన రాయవలసిందిగా కోరుతున్నాము.