పైకి ఒకేలా కనిపించే కేసులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నన్ను ఉద్యోగం గురించి చెప్పమన్నారు. అది చెబితే మీరు నిద్రపోతారు. డెట్రాయిట్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో విప్పి పెట్టిన 1969 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజిను గురించి చెబుతాను.

దానికి రేడియేటరు లేదు, గాలితోనే చల్లబడుతుంది. క్రాంకు తిరిగే పెట్టెను క్రాంక్‌కేసు అంటారు. ఇందులో అది మెగ్నీషియం మిశ్రమలోహం, నిలువునా రెండు సగాలు. రెండూ ఫ్యాక్టరీలో జోడీగా బిగించి బోరు చేసినవి. ఒక ఇంజిను ఎడమ సగానికి ఇంకో ఇంజిను కుడి సగం కలవదు, ఎవరెంత చవగ్గా ఇచ్చినా.

బయటినుంచి ఏ ఏడాది కేసైనా ఒకటే అనిపిస్తుంది. డబ్బు పోయేది అక్కడే. 1200 కేసులో 1600 సిలిండరు దిగదు. అరవైల మధ్య దాకా క్యామ్‌కు విడి బేరింగులు లేవు, కేసు లోహం మీదే తిరిగేది. 1970 మోడల్ నుంచి ఆయిల్ ప్రెషర్ వాల్వులు ఒకటికి రెండయ్యాయి. కింద ప్లగ్గులు లెక్కపెడితే తెలిసిపోతుంది.

అసలు సంగతి స్టడ్లది. సిలిండర్లనూ హెడ్లనూ కేసుకు పట్టి ఉంచే పొడవాటి ఉక్కు కడ్డీలు, మొత్తం 16. బడిలో చేసిన బంతీ వలయం ప్రయోగం గుర్తుందా? మెగ్నీషియం కేసూ, అల్యూమినియం హెడ్డూ వేడికి ఉక్కు కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తాయి. లావుపాటి 10 మి.మీ. స్టడ్ అంత తేలిగ్గా సాగదు, దాంతో మెత్తని మెగ్నీషియంలోని మర ఊడొస్తుంది. తర్వాతి కేసుల్లో ఉక్కు ఇన్సర్టులు వేసి 8 మి.మీ. స్టడ్లు పెట్టారు. సన్నది స్ప్రింగులా సాగి వెనక్కొస్తుంది. సన్నదే మేలంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు.

నా కేసుకు ఒకటే వాల్వు, 10 మి.మీ. స్టడ్లు, మూడు మరలు ఊడిపోయాయి. మెషిన్ షాపు వాళ్ళు కొత్త అల్యూమినియం కేసు కొనమన్నారు. గట్టిదే, కానీ ఆ లోహమే ఒకటిన్నర రెట్లు బరువు, పైగా ఈ కారుకు ఇంజిను వెనక వేలాడుతుంది. ముందు ఫ్లైవీల్ వెనక, మూడో సిలిండరు దగ్గర చూశాను. ఈ కేసులు పగిలేది అక్కడే. పగులుంటే మారుమాట్లాడకుండా అల్యూమినియందే కొనేవాణ్ణి. లేదు. మధ్య బేరింగు కూర్చునే చోటు మాత్రం దెబ్బతింది. లైన్ బోరు చేయించి ఓవర్‌సైజు బేరింగులు వేశాను. 16 చోట్లా ఇన్సర్టులు పెట్టించి 8 మి.మీ. స్టడ్లకు మారాను.

పోయిన నెల రెండు సగాలూ బిగించి క్రాంకు ఎండ్‌ప్లే కొలిచాను. 0.07 నుంచి 0.13 మి.మీ. లోపు ఉండాలి, 0.10 వచ్చింది. లెక్కల మాస్టారు ముందు వరసలో ఉన్నారు, దశాంశ స్థానం సరిచూసుకునే చెబుతున్నాను. సిలిండర్లు ఇంకా ఎక్కించలేదు, తిరిగి వెళ్ళాక ఆ పనే.