టీవీ తెర మీద బార్బరా



రాత్రి వంటిల్లు సర్దుకుంటూ టీవీ వార్తల వైపు ఓ కన్ను వేస్తాం కదా! మైకు పట్టుకుని మాట్లాడే అమ్మాయి చీర బాగుందనో, జడ బాగుందనో అనుకుంటాం. ఆ మైకు పట్టుకున్నందుకు ఒకావిడ పడిన పాట్లు ఇవాళ చెబుతాను.

బార్బరా బ్లేక్ హన్నా 1941లో జమైకాలో పుట్టారు. 1968లో లండనులో థేమ్స్ టెలివిజన్ వారి 'టుడే' కార్యక్రమంలో విలేఖరిగా చేరారు. బ్రిటన్ టీవీ తెర మీద కనిపించిన మొట్టమొదటి నల్లజాతి విలేఖరి ఆవిడే. సరిగ్గా ఆ ఏడాదే ఏప్రిల్‌లో ఈనాక్ పవెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలస వచ్చినవాళ్ళ మీద నిప్పులు చెరుగుతూ ఉపన్యసించాడు. దేశమంతా అదే రగడ.

తొమ్మిది నెలలకే ఆవిడను చాలించమన్నారు. పనిలో వంక ఉందా అంటే లేదు. తెర మీద నల్లమనిషి ఏమిటని ప్రేక్షకుల ఫిర్యాదులట! రేడియోలో మాట్లాడే నాబోటిదానికి ఆ చిక్కు లేదు, మొహం కనపడదు కదా.

తర్వాత బర్మింగ్‌హాంలో ఏటీవీ వారి దగ్గర ఉద్యోగం దొరికింది. అక్కడ ఏ హోటలువాళ్ళూ గది ఇవ్వలేదు. ఏం చేస్తారు? రోజూ లండను నుంచే వెళ్ళి వచ్చేవారు. పోను సుమారు 180 కిలోమీటర్లు, రాను మళ్ళీ అంతే! ఆ అలసటతో కెమెరా ముందు నవ్వుతూ నిలబడాలి.

1972లో జమైకా తిరిగి వెళ్ళిపోయారు. 1984లో అక్కడి సెనేట్ సభ్యురాలయ్యారు. బ్రిటన్‌లో మాత్రం చాలామంది ఆవిడను మరిచిపోయారు. తొలి నల్లజాతి విలేఖరి ఎవరంటే, 1973లో ఐటీఎన్‌లో చేరిన ట్రెవర్ మెక్‌డొనాల్డ్ పేరు చెప్పేవారు. చివరికి 2020లో బ్రిటన్ పత్రికా పురస్కారాల్లో ఆవిడ పేరిట ఒక బహుమతి పెట్టారు. అప్పటికి ఆవిడకు 79 ఏళ్ళు.