వంటింటి వేడి, గుండె వేగం: రెస్టారెంట్ ప్రేమకథల గురించి



రసాయనశాస్త్రం చెప్పే మనిషికి ప్రేమకథలతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ మధ్య మీరు చదివే నవలల్లో, చూసే సినిమాల్లో నాయకుడో నాయికో షెఫ్ కావడం తరచుగా కనిపిస్తోంది. ఒకప్పుడు డాక్టరు, పైలట్, కలెక్టరు నిలబడిన చోట ఇప్పుడు తెల్లకోటు తొడుక్కుని, గరిటె పట్టుకున్న మనిషి నిలబడ్డాడు. ఎందుకిలా జరిగింది? ఈ కథల్లో వంట నిజంగా ఉందా, లేక ప్రేమ వెనక వేలాడదీసిన తెరేనా? ఈ ప్రశ్నలే ఈ ప్రసంగానికి విషయం.

మీలో చాలామందికి తెలిసిన కథతో మొదలుపెడతాను. 2007లో ఆర్. బాల్కీ దర్శకత్వంలో ‘చీనీ కమ్’ అనే హిందీ సినిమా వచ్చింది. లండన్‌లో భారతీయ రెస్టారెంటు నడిపే షెఫ్ బుద్ధదేవ్ గుప్తాకు 64 ఏళ్లు. భోజనానికి వచ్చిన నీనాకు 34 ఏళ్లు. ఆమె హైదరాబాదీ జాఫ్రానీ పులావు తెప్పించుకుని, తియ్యగా ఉందని వెనక్కి పంపేస్తుంది. షెఫ్‌గారికి కోపం వస్తుంది, నోరు జారుతుంది. ఆమె వాదనకు దిగకుండా, ఇంట్లో అదే పులావు వండి పంపుతుంది. తిన్నాక ఆయన నోరు మూతపడుతుంది. తన వంటింట్లో ఎవరో ఉప్పు అనుకుని పంచదార వేశారని తెలుస్తుంది.

ఈ సన్నివేశాన్ని నేను తరగతిలో చెప్పినప్పుడు ఒక అబ్బాయి లేచి, “మేడమ్, తర్వాత ఉప్పు వేస్తే సరిపోయేది కదా” అన్నాడు. మంచి ప్రశ్న. ఆమ్లంలో క్షారం కలిపితే తటస్థీకరణం జరిగి, రెండూ తమ గుణాలు పోగొట్టుకుంటాయి. ఉప్పు, పంచదారల మధ్య అలాంటి చర్య ఏదీ లేదు. రెండూ నీటిలో కరిగి, పక్కపక్కనే ఉండిపోతాయి. ఒకటి మరొకదాన్ని కొంత మరుగుపరచినట్లు అనిపించేది మన నాలుకకు, మెదడుకు మాత్రమే. గిన్నెలో మాత్రం పంచదార పంచదారగానే ఉంటుంది. పైగా బియ్యం ఆ నీటిని పీల్చుకుని ఉడికాక దాన్ని వెనక్కి తీసే దారి లేదు.

పాడైంది ఉత్త అన్నం కూడా కాదు. జాఫ్రాన్ అంటే కుంకుమపువ్వు. ఒక్కో పువ్వుకు మూడే ఎర్రటి కీలాగ్రాలు. కిలో కుంకుమపువ్వు కావాలంటే సుమారు లక్షన్నర పూలు కోయాలి. కశ్మీరులోని పాంపోర్‌లో ఈ కోత అంతా చేతులతోనే జరుగుతుంది. దాని రంగు క్రోసిన్ అనే పదార్థం వల్ల, చిరుచేదు పిక్రోక్రోసిన్ వల్ల వస్తాయి. ఎండబెట్టేటప్పుడు ఆ పిక్రోక్రోసిన్ నుంచే సాఫ్రనాల్ తయారై సువాసననిస్తుంది. ఆ చిరుచేదును గుర్తుపట్టగల నాలుక నీనాది. షెఫ్ ఆమెను ప్రేమించడానికి కారణం అందం ఒక్కటే కాదు, తన పనిలోని తప్పును ఆమె పట్టుకోగలిగింది. వంటను తీసేస్తే ఈ కథకు మొదలే లేదు.

ఇక రెస్టారెంటు వంటిల్లు ఎలా నడుస్తుందో చూద్దాం. ఆగస్ట్ ఎస్కోఫియే (1846–1935) అనే ఫ్రెంచి షెఫ్ లండన్‌లోని సవాయ్ హోటల్లో పనిచేశాడు. అంతకుముందు సైన్యంలోనూ వండాడు. అక్కడి క్రమశిక్షణను వంటింటికి తెచ్చి, సాసులకు ఒకరు, మాంసానికి ఒకరు, మిఠాయిలకు ఒకరు అని పని పంచి, అందరిమీద ఒక షెఫ్‌ను నిలిపాడు. పెద్ద హోటళ్లు ఈనాటికీ దాదాపు ఆ పద్ధతినే పాటిస్తున్నాయి. మన ఊరి హోటల్లో కూడా దోసె మాస్టరు వేరు, టీ మాస్టరు వేరు కదా! రాత్రి ఎనిమిది దాటగానే ఆర్డరు చీటీలు వరసకడతాయి. ఒక బల్ల దగ్గర కూర్చున్న ఆరుగురికి ఆరు వంటకాలు ఒకేసారి వేడిగా వెళ్లాలి. ఇరుకు చోటు, మంట, కత్తులు, గడియారం. ఒకరి చెయ్యి ఆలస్యమైతే పక్కవారి పని చెడుతుంది. కథ రాసేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడే నాకొక శాస్త్రీయ సందేహం కలుగుతుంది. 1974లో డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కెనడాలో వాంకూవర్ దగ్గర కపిలానో నది లోయ మీద, సుమారు 70 మీటర్ల ఎత్తున ఊగిపోయే వంతెన ఒకటుంది. దాన్ని దాటే యువకులను ఒక యువతి కొన్ని ప్రశ్నలడిగి, వివరాలకు ఫోన్ చేయవచ్చని తన నంబరిచ్చింది. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. తక్కువ ఎత్తులోని గట్టి వంతెన మీద ఇదే పని చేస్తే, తీసుకున్న 16 మందిలో చేసినవారు ఇద్దరే. భయంతో కొట్టుకుంటున్న గుండెను ఆకర్షణగా పొరబడ్డారని పరిశోధకుల వివరణ. అసలు ఊగే వంతెన ఎక్కేవారే కాస్త సాహసవంతులై ఉండవచ్చని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఇంత చిన్న లెక్క మీద సూత్రాలు కట్టకూడదు.

అయినా ఆ వంతెనను మనసులో పెట్టుకుని ఈ నవలలు చదవండి. రాత్రి ఎనిమిది గంటల వంటింటికీ ఆ వంతెనకూ పెద్ద తేడా లేదు. ఎడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, పక్కన నిలబడ్డ మనిషి ఎంతో ముఖ్యమైనట్లు కనిపిస్తారు. సాధారణ రచయిత అక్కడే ప్రేమ పుట్టిందని రాసి ఊరుకుంటాడు. మంచి రచయిత పొయ్యి ఆపాక ఏం మిగిలిందో చూపిస్తాడు.

ముంబైలో పెరిగి అమెరికాలో స్థిరపడిన సోనాలీ దేవ్ అలాంటి రచయిత్రి. జేన్ ఆస్టిన్ నవలలను కాలిఫోర్నియాలోని ఒక భారతీయ కుటుంబానికి అన్వయించి వరసగా నవలలు రాశారు. 2019 నాటి ‘ప్రైడ్, ప్రెజుడిస్ అండ్ అదర్ ఫ్లేవర్స్’లో నాయిక మెదడు శస్త్రవైద్యురాలు, నాయకుడు షెఫ్. మొదటి పరిచయంలోనే ఆమె అతణ్ణి కూలికి వచ్చిన పనివాడిగా తీసిపారేస్తుంది. అతని చెల్లెలికి ఆపరేషన్ చేయవలసింది మాత్రం ఆమే. మనం కూడా ‘వంటవాడు’ అంటే ఒకలా, ‘షెఫ్’ అంటే మరోలా చూడటం లేదూ?

2020లో వచ్చిన ‘రెసిపీ ఫర్ పర్సుయేషన్’ నాకు ఇంకా నచ్చింది. ఆష్నా అనే అమ్మాయి తండ్రి వదిలి వెళ్లిన రెస్టారెంటును నెట్టుకొస్తుంటుంది. తండ్రి వంటకాలు తప్ప వేరే ఏది వండబోయినా ఆమెకు ఊపిరాడదు, చేతులు వణుకుతాయి. అప్పుల నుంచి బయటపడటానికి టీవీ వంటల పోటీకి ఒప్పుకుంటే, జతగా వచ్చినవాడు ఏనాడో దూరమైన తొలిప్రేమికుడు, ఫుట్‌బాల్ ఆటగాడు. ఇక్కడ గుండెదడ ప్రేమకు గుర్తు కాదు, జబ్బుకు గుర్తు. ఆ రెండింటినీ రచయిత్రి కలగాపులగం చేయలేదు. అతను వచ్చినంత మాత్రాన ఆమె భయం ఆవిరైపోదు. తండ్రి గురించి, తల్లి గురించి తాను నమ్ముకున్నవన్నీ ఆమె మళ్లీ తూచుకోవలసి వస్తుంది.

ఉజ్మా జలాలుద్దీన్ 2021లో రాసిన ‘హనా ఖాన్ క్యారీస్ ఆన్’ టొరంటోలో జరుగుతుంది. హనా తల్లి నడిపే చిన్న హలాల్ హోటలుకు పోటీగా ఆడంబరమైన మరో హలాల్ రెస్టారెంటు తెరవబోతున్నారు. దాని యువ యజమానే నాయకుడు. వ్యాపారం పోతే ఇల్లు గడవదు కాబట్టి ఈ ప్రేమకు నిజమైన బరువుంది.

తెలుగులో 2023 నాటి ‘మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి’లో నాయిక లండన్‌లో షెఫ్. సరదా అయిన సినిమా, పెళ్లి వద్దు, బిడ్డ కావాలనే ఆమె నిర్ణయం గట్టిదే. కానీ ఆమెను ఆర్కిటెక్టుగా మార్చి చూడండి, కథ అలాగే నిలబడుతుంది. అందుకే దాన్ని వంటింటి కథ అనలేను.

ఈ కథలన్నిటిలో నాకు కనిపించని మనిషి ఒకరున్నారు. గిన్నెలు తోమే మనిషి. ఆ చేతులు ఆగితే అరగంటలో వంటిల్లు మూతపడుతుంది. ప్రేమకథల్లో ఆయనకు పేరు కూడా అరుదు.

కొన్నేళ్ల క్రితం ఇంటర్ పూర్తిచేసిన ఒక విద్యార్థిని, ఇలాంటి సినిమా చూసొచ్చి, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంది. ఇంట్లో ఒప్పుకోలేదు, నన్ను చెప్పమంది. నేను ఎటూ చెప్పలేదు. తెలిసినవారి హోటలు వంటింట్లో ఒక ఆదివారం సాయంత్రం నిలబడి చూసి రమ్మన్నాను. మర్నాడు వాచిన పాదాలతో వచ్చింది. “మేడమ్, పదకొండున్నరకు పొయ్యిలు ఆపారు. అందరూ కలిసి నేల కడిగి, మిగిలిన పప్పు ఒకే గిన్నెలో కలుపుకుని తిన్నారు. ప్రధాన షెఫ్ కూడా కిందే కూర్చున్నాడు. ఇది సినిమాలో లేదేం?” అంది.

ఆ చదువే చదివింది. ఈ మధ్య కలిసినప్పుడు ముంజేతి మీద కాలిన మచ్చలు చూపించింది. తీరిక దొరికితే ఆ పప్పన్నం కథ తానే రాస్తానంది.