నీకేం రోగం?

(హాస్టల్ విద్యార్థులూ తల్లిదండ్రులూ కలిసిన సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

 

చదువు గురించి నాలుగు ముక్కలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మార్కుల సంగతి, సీట్ల సంగతి, స్కాలర్‌షిప్పుల సంగతి ఏ సభలోనైనా చెప్పుకుంటూనే ఉన్నాం. ఇవాళ మన వాడల్లో ఎవరూ బయటికి చెప్పుకోని ఒక జబ్బు గురించి మాట్లాడతాం. ముందు మేం చేసిన తప్పు ఒప్పుకుని మొదలుపెడతాం.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఉండేవాడు. లెక్కల్లో చురుకు. కొన్నాళ్లకి ముందు బెంచీ నుంచి వెనక బెంచీకి చేరాడు. ఆటకి రాడు, ఎవరితోనూ మాట్లాడడు. పాఠం చెప్తుంటే బల్లమీద తల వాల్చేస్తాడు. ఏమిట్రా అంటే కడుపు నొప్పి అంటాడు. మేం ఏం చేశాం? లేపి నిలబెట్టి, "బాబాసాహెబ్ ఎన్ని కష్టాలు పడి చదివాడు? నీకేం రోగం?" అని నలుగురిలో కడిగేశాం. వాడు తల ఎత్తలేదు. వారం తిరక్కుండా బడి మానేశాడు.

ఇంటికి వెళితే వాళ్లమ్మ చెప్పింది: "రాత్రిళ్లు నిద్రపోడు సార్. మూడింటికే లేచి గోడకేసి చూస్తా కూచుంటాడు. నేనుండి ఏం లాభం అంటన్నాడు." ఆ మాట విన్నాక మాకు నోట మాట రాలేదు. వాడిది రోగమే! మేం తిట్టుగా వాడిన మాటని పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నగా అడిగి ఉంటే, రెండు నెలల ముందే తెలిసేది.

దిగులు లేని మనిషి లేడు. అయినవాళ్లు పోతే ఏడుస్తాం. పంట పోతే, పరీక్ష పోతే బాధపడతాం. నాలుగు రోజులకి మళ్లీ పనిలో పడతాం. అది జబ్బు కాదు. కానీ రెండు వారాలు దాటినా, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు అదే దిగులు ఉంటే, లేదా ఇంతకుముందు ఇష్టమైనవి దేనిమీదా మనసు పోకపోతే, దాన్ని పట్టించుకోవాలి. దానికి తోడు నిద్ర పట్టకపోవడం, లేదా రోజంతా నిద్రే. ఆకలి చచ్చిపోవడం, లేదా అతిగా తినడం. పని చెయ్యకపోయినా ఒళ్లు అలిసిపోవడం. చదివింది బుర్రకెక్కకపోవడం. అన్నిటికీ నాదే తప్పు, నేను దేనికీ పనికిరాను అనుకోవడం. చచ్చిపోతే బాగుండు అనిపించడం. ఇలాంటివి నాలుగైదు కలిసి ఉండి రోజువారీ పనులు సాగనివ్వకపోతే, దాన్ని డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మనం కుంగుబాటు అందాం. చావు తలపు ఒక్కటే కనబడినా రెండు వారాలు ఆగకూడదు. ఆ రోజే కదలాలి.

ఇది అందరిలో ఒకేలా కనిపించదు. పిల్లల్లో ఏడుపు బదులు విసుగు, కోపం కనిపిస్తాయి. కూలికెళ్లే మన అక్కలు "మనసు బాగోలేదు" అని చెప్పరు. ఒళ్లంతా నొప్పులంటారు, తల బరువంటారు, నీరసమంటారు. ఆర్.ఎం.పి. గ్లూకోజు ఎక్కించి పంపుతాడు. మళ్లీ వారానికి అదే నొప్పి. బాలింత బిడ్డకేసి చూడకుండా ఏడుస్తుంటే గాలి సోకిందంటారు. మగవాళ్లు దిగులుని సారాలో ముంచుతారు. తాగుడు నిద్ర తెప్పించినట్టే తెప్పించి కుంగుబాటుని ఇంకా పెంచుతుంది.

రెండోది ఆందోళన. ఏదో కీడు జరగబోతోందని నెలల తరబడి భయం. చిన్న చప్పుడుకే ఉలికిపాటు. కొందరికి ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఊపిరాడదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతుందనిపిస్తుంది. కాసేపటికి అదే తగ్గుతుంది. అయినా మొదటిసారి వస్తే గుండె పరీక్ష చేయించాల్సిందే. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా ఇలాంటి లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి రక్త పరీక్షా చేయించాలి. అన్నీ బాగున్నాయని తేలాక "నీకేం లేదు, నటిస్తున్నావు" అనొద్దు. ఆ దడ నిజం. బడికి బయల్దేరేటప్పుడు పిల్లాడికొచ్చే కడుపు నొప్పీ నిజమే.

మాకూ తెలుసు ఆ దడ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పట్నంలో బి.ఇడి. చదివే రోజుల్లో లెక్చరరు మా పేరు పిలిస్తే అరచేతులు తడిసిపోయేవి. "కోటా సీటు" అనే గుసగుస వెనకనుంచి వినబడేది. మాకు పిరికితనం ఎక్కువ అనుకున్నాం తప్ప, ఆ మాటలు మా ఒంట్లోకి దిగాయని అనుకోలేదు.

అవమానం మనసుని కుంగదీస్తుంది. 1917లో పై చదువులు చదివి బరోడా కొలువుకి వచ్చిన అంబేద్కర్‌ని, కులం తెలిశాక కర్రలు పట్టుకుని సత్రం నుంచి వెళ్లగొట్టారు. ఆ సాయంత్రం తోటలో కూర్చున్నప్పుడు తన మనసు కొంత శూన్యంగా, కొంత దుఃఖంతో ఉందని, అమ్మానాన్నలు గుర్తుకొచ్చారని ఆయనే రాసుకున్నాడు. ఆయనకి జబ్బు చేసిందని మేం అనడం లేదు. అంతటి మనిషి కూడా తన దుఃఖాన్ని దాచుకోలేదని అంటున్నాం.

2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు విద్యార్థుల్లో అతనొకడు. ఇలాంటి చావు జరిగితే "మనసు బలహీనం" అని పెద్దలు ఫైలు మూసేస్తారు. వెలిని, అవమానాన్ని ఆ మాట కింద దాచేస్తారు. దాన్ని మనం ఒప్పుకోకూడదు. కానీ మన సంఘాల్లోనూ ఒక తప్పు ఉంది. కుంగిపోయిన తమ్ముడు వస్తే "పోరాడు, అన్నీ అవే సర్దుకుంటాయి" అని చేతికి జెండా ఇచ్చి పంపుతాం. కాలు విరిగినవాణ్ణి ఊరేగింపులో నడవమంటామా? కాలు విరగ్గొట్టినవాడి మీద కేసు పెట్టాలి, విరిగిన కాలికి కట్టూ కట్టాలి. ఇదీ అంతే.

2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు వచ్చింది. కుంగుబాటు, ఆందోళన లాంటి జబ్బులున్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా వైద్యం అందలేదు. ఈ 80 మందిలో డబ్బులేని మనవాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి.

మరి ఏం చెయ్యాలి? మొదట అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా, తమ్ముడూ?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసెయ్యండి. పి.హెచ్.సి.కో, జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుడి దగ్గరికో మీరే తోడు వెళ్లండి. బస్సు ఛార్జీ లేకపోతే సంఘం పెట్టుకోవాలి. ఫోనులో అయితే 14416. 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మాత్రలు మొదలుపెట్టిన మర్నాడే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గిందని మధ్యలో మానెయ్యొద్దు, డాక్టరు చెప్పినప్పుడే ఆపాలి. మనసు విప్పి మాట్లాడించే కౌన్సెలింగూ వైద్యమే. పాస్టరు గారి ప్రార్థన ఉండనీ, దాంతోపాటు మాత్రా ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రభుత్వ వైద్యాన్ని మన హక్కు చేసింది. మీ జబ్బు సంగతి గుట్టుగా ఉంచాలని కూడా చెప్పింది. కాబట్టి దయ చూపమని అడగక్కర్లేదు. హక్కుగా అడగండి.

మా పిల్లాణ్ణి వాళ్లమ్మా మేమూ కలిసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. ఏడాది చదువు పోయింది, ప్రాణం నిలబడింది. మళ్లీ బడికొచ్చిన రోజున నలుగురిలో తిట్టాం కాబట్టి నలుగురిలోనే క్షమాపణ చెప్పాం. వాడు తల ఎత్తి చూశాడు.

ఇవాళ ఇళ్లకి వెళ్లాక మీ పక్కనున్న మనిషిని చూడండి. నిద్రపోతున్నాడా, తింటున్నాడా, నవ్వుతున్నాడా? ఏదో తేడాగా ఉందనిపిస్తే దగ్గర కూర్చుని అడగండి: నీకేం రోగం నాయనా? తిట్టులా కాదు, ప్రశ్నలా. జవాబు చెప్పేదాకా కూర్చోండి.

జై భీమ్!