మన్యపు వీరులు విడిచిపోయిన ఆస్తి
(జంగారెడ్డిగూడెము గ్రామస్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



అల్లూరి సీతారామరాజు పేరు వినని పల్లె గోదావరి సీమలో లేదు. 2022 జూలై 4న భీమవరములో ఆయనకు 30 అడుగుల కంచు విగ్రహము నెలకొల్పబడినది. విగ్రహమునకు పూలమాల వేయుట మంచిదే. కాని ఆయనయు, ఆయనకు ముందు మరికొందరును దేనికొరకు ప్రాణము లొడ్డిరో ఆ సంగతి మన పొరుగు మన్యమున నేటికిని తెగని వ్యవహారముగనే యున్నది.

సీతారామరాజుకంటె ఎంతో ముందు, 1858లో, కొరుటూరు గ్రామపు సుబ్బారెడ్డిని తెల్లదొరలు ఈ బుట్టాయగూడెములోనే ఉరితీసిరి. బుట్టాయగూడెము మీదుగా నిత్యము రాకపోకలు సాగించు మనలో ఎందరికి ఈ మాట తెలియును?

గోదావరి కావలి యొడ్డున 1879లో రంప తిరుగుబాటు చెలరేగినది. చెట్టు కల్లుపై వేసిన పన్ను ఒక కారణము. రెండవది మరింత లోతైనది. మైదానమునుండి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, పత్రములు వ్రాయించుకొని, కోర్టుకు రాలేని కొండవానిపై ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను పంటను జప్తు చేయించిరి. తుపాకికంటె కాగితమే ఆ గిరిజనుని ఎక్కువగా కూల్చినది. 1882 నాటి అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు కూడ అడ్డుకట్ట వేసినది.

ఇట్టి మన్యమునకు సీతారామరాజు వచ్చెను. ఆయనను కట్టడి చేయదలచిన ప్రభుత్వము పైడిపుట్టలో భూమినిచ్చి సేద్యము చేసికొమ్మన్నది. ఆయన అక్కడ నిలువలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి ఆయుధములు గొనిపోయెను. 1924 మే 7న కొయ్యూరువద్ద కాల్చి చంపబడునాటికి ఆయనకు ఇరువదియేడేండ్లయినను నిండలేదు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర అండమాను జైలునుండి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పవలయును.

ఇక అసలు మాట. ఏజెన్సీలో వడ్డీని, భూముల బదలాయింపును కట్టడి చేయుచు 1917లో ఒక చట్టము వచ్చినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1959లో 1వ రెగ్యులేషను, దానిని బిగించుచు 1970లో మరియొకటి, అనగా మనవారు ‘1 ఆఫ్ 70’ అనునది, వెలువడినవి. దీని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో భూమిని గిరిజనునకు గాని, కేవలము గిరిజనులతో కూడిన సహకార సంఘమునకు గాని తప్ప ఇతరులకు బదలాయించుట చెల్లదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను ఇంతియే. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదనియే, వేరుగా రుజువగు వరకు, చట్టము భావించును. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. 1997 నాటి ‘సమత’ తీర్పులో ప్రభుత్వమునకు సైతము ఈ కట్టడి వర్తించునని చెప్పినది.

అయినను బినామీ పేర్లు, తెల్లకాగితముపై వ్రాతలు, కౌలు పేరిట శాశ్వత స్వాధీనములు పోలేదు. మైదానపు సోదరులు కొందరు తాము కష్టించి కొన్న భూమియని బాధపడుదురు. ఆ బాధ నేనెరుగుదును. చెల్లని కొనుగోలు మాత్రము ఎన్నేండ్లయినను చెల్లుబాటు కాదు.

భూమి కోల్పోయిన గిరిజనుడు గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ భూమితో సంబంధమున్న మరెవరైనను పెట్టవచ్చును. ప్రభుత్వోద్యోగి వ్రాతపూర్వకముగా తెలిపినను చాలును. అర్జీయే లేకున్నను అధికారి తనంతట తానే విచారణ చేపట్టవచ్చును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద పోడు పట్టా కోరువారు మొదట తమ గ్రామసభ యెదుట తమ క్లెయిము నుంచవలెను. కోట రామచంద్రపురములోని గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయములో ఈ విషయములు విచారించి తెలిసికొనవచ్చును. వచ్చునపుడు పాత శిస్తు రసీదులేమైన నున్నచో వెంట తెచ్చుకొనుడు.