సోటో వెళ్లిపోయాక యాంకీస్ అసలు నష్టపోయింది ఎక్కడ?

ఇది 2025 డిసెంబర్, ఈ వారం ఓర్లాండోలో బేస్‌బాల్ వింటర్ మీటింగ్స్. ఫాలో అవనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. ఐపీఎల్ ఆక్షన్ లోంచి సుత్తి, పాడిల్, లైవ్ టెలికాస్ట్ తీసేసి, అందర్నీ ఒక హోటల్ లాబీలో వదిలేస్తే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది. 30 టీమ్‌ల మేనేజ్‌మెంట్లు, ఏజెంట్లు, రిపోర్టర్లు. ఎవరు ఎవరితో కాఫీ తాగారన్నది కూడా అక్కడ న్యూసే.

మన టాపిక్ న్యూయార్క్ యాంకీస్. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లలో చాలామంది నెత్తిమీద ఆ క్యాప్ ఉంటుంది, ఆట చూస్తారా లేదా అన్నది వేరే సంగతి. ఈ చలికాలం యాంకీస్ ఏం చేయాలో తెలియాలంటే పోయిన చలికాలం ఏం చేశారో ఫస్ట్ చూడాలి. దాని లెక్క ఇప్పుడే పూర్తిగా తేలింది కాబట్టి.

2024 నవంబర్ చివర్లో రిషభ్ పంత్‌ని లక్నో 27 కోట్లకి కొన్నప్పుడు మనమందరం నోరు తెరిచాం కదా. సరిగ్గా రెండు వారాలకి, డిసెంబర్ 8న, హువాన్ సోటో యాంకీస్‌ని వదిలేసి పక్కనే ఉన్న మెట్స్‌కి వెళ్లాడు. 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు. మన డబ్బుల్లో సుమారు 6,500 కోట్లు. ఆ ఏడు ఐపీఎల్‌లో పది టీమ్‌ల పర్సులూ కలిపితే 1,200 కోట్లు, ఒక్కో టీమ్‌కి 120. ఇది 15 ఏళ్ల కాంట్రాక్ట్ కాబట్టి ఏడాదికి లెక్కేసినా, సోటో ఒక్కడి జీతం సన్‌రైజర్స్ మొత్తం పర్సుకి మూడున్నర రెట్లు.

యాంకీస్ కూడా తక్కువ ఆఫర్ చేయలేదు. 16 ఏళ్లకి 76 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అయినా పోయాడు. ఊరంతా గగ్గోలు. 2009 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్లిన బ్యాటర్, 41 హోమ్ రన్లు కొట్టినవాడు, అదే ఊళ్లో ఇంకో టీమ్ జెర్సీ వేసుకుంటున్నాడంటే ఎవరికైనా కాలుతుంది.

ఇప్పుడు ఆప్షన్స్ చూద్దాం. బేస్‌బాల్‌లో ఐపీఎల్ లాంటి పర్స్ లిమిట్ లేదు. ఎంతైనా పెట్టొచ్చు, కానీ ట్యాక్స్ పడుతుంది. 2025కి జీతాల లైన్ 24.1 కోట్ల డాలర్లు. ప్రతి ఏడూ ఆ లైన్ దాటే యాంకీస్ లాంటి టీమ్ ఇంకా పైకి, 30.1 కోట్లు కూడా దాటిందంటే, ఆ పైన పెట్టే ప్రతి డాలర్‌కీ 1.10 డాలర్లు ట్యాక్స్ కట్టాలి. అంటే ఒక డాలర్ ప్లేయర్ మీకు 2.10 డాలర్లకి వస్తాడు. హైదరాబాద్‌లో బండి కొంటే లైఫ్ ట్యాక్స్‌కే ఏడుస్తాం మనం. ఇక్కడ బండి రేటు కంటే ట్యాక్స్ ఎక్కువ.

అందుకే ఎంత డబ్బున్న టీమ్‌కైనా ట్రేడ్ అనేది ముద్దొస్తుంది. జీతం తక్కువున్న ప్లేయర్‌ని తెచ్చుకుని, బదులుగా కుర్రాళ్లని ఇచ్చేయొచ్చు. కుర్రాళ్లకి పేపర్ మీద రేటు ఉండదు కదా.

సోటో పోయాక రెండు వారాలు తిరక్కుండానే యాంకీస్ నాలుగు పనులు చేశారు. మొదటిది మ్యాక్స్ ఫ్రీడ్, ఎడమచేతి పిచ్చర్, ఫ్రీ ఏజెంట్. 8 ఏళ్లు, 21.8 కోట్ల డాలర్లు. చాలామంది ఎక్కువిచ్చారన్నారు. 2025లో 19 గెలుపులు, 5 ఓటములు, ఈఆర్‌ఏ 2.86. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, మన ఎకానమీ రేట్‌కి చుట్టం అనుకోండి. ఫ్రీడ్ మీద నాకు ఏ కంప్లైంటూ లేదు.

పాల్ గోల్డ్‌ష్మిట్ ఒక ఏడాదికి 1.25 కోట్ల డాలర్లు. ఓకే. ముందుకెళ్దాం.

కోడీ బెలింజర్ డీల్ భలే ఉంటుంది. ఇది ట్రేడ్. కబ్స్‌కి యాంకీస్ ఇచ్చింది కోడీ పొటీట్ అనే పిచ్చర్‌ని, అంతే. ఎంవీపీ గెలిచిన ప్లేయర్ అంత చవగ్గా ఎలా వచ్చాడు? 2025కి అతని జీతం 2.75 కోట్ల డాలర్లు, కబ్స్‌కి ఆ బరువు దించుకోవాలనుంది. యాంకీస్ ఆ బరువులో చాలావరకు నెత్తికెత్తుకున్నారు కాబట్టి కుర్రాళ్లని ఇవ్వక్కర్లేకపోయింది. బెలింజర్ 29 హోమ్ రన్లు కొట్టాడు. ట్రేడ్‌లో రెండు రకాల కరెన్సీ నడుస్తుందని ఇక్కడ అర్థమవుతుంది. ఒకటి డబ్బు, రెండోది భవిష్యత్తు.

నాలుగోది డెవిన్ విలియమ్స్. అసలు కథ ఇదే, కాస్త టైమ్ తీసుకుంటా.

విలియమ్స్ క్లోజర్, అంటే తొమ్మిదో ఇన్నింగ్స్ వేసేవాడు. మన డెత్ ఓవర్స్ స్పెషలిస్ట్ లాంటోడు. అతని చేంజప్‌కి ఎయిర్‌బెండర్ అని ముద్దుపేరు, స్లో బాల్ గాల్లోనే పక్కకి జారిపోతుంది. జీతం 86 లక్షల డాలర్లు మాత్రమే. ట్యాక్స్ భయపడే టీమ్‌కి ఇది లాటరీ. కానీ కాంట్రాక్ట్‌లో మిగిలింది ఒక్క ఏడాది. బదులుగా మిల్వాకీ బ్రూవర్స్‌కి ఇద్దర్ని ఇచ్చారు. ఒకడు నెస్టర్ కోర్టెజ్, ఇతనికీ ఒక్క ఏడాదే మిగిలుంది. రెండోవాడు కేలబ్ డర్బిన్.

ఈ డర్బిన్ ఎవరంటే, పొడుగు అయిదడుగుల ఏడంగుళాల లోపే. పెద్ద కాలేజీ కాదు, డివిజన్ 3 కాలేజీ నుంచి వచ్చాడు. 2021 డ్రాఫ్ట్‌లో 14వ రౌండ్. మన భాషలో చెప్పాలంటే టైర్ 3 కాలేజీ, ఆఫ్ క్యాంపస్ ప్లేస్‌మెంట్. అప్పటికి మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అందుకే ట్రేడ్ వార్తల్లో అతని పేరు చివర్లో, 'ఇంకా ఒక కుర్రాడు' అన్నట్టు వచ్చింది.

కుర్రాడంటే ఏంటో లెక్క చూడండి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీస్ అయ్యేదాకా ప్లేయర్ ఫ్రీ ఏజెంట్ అవ్వడు. మొదటి మూడేళ్లు దాదాపు మినిమమ్ జీతమే, 2025లో అది 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్లు కొంచెం కొంచెం పెరుగుతుంది. బాండ్ రాసి జాయిన్ అయిన ఫ్రెషర్‌ని గుర్తు తెచ్చుకోండి. నేను ముందు పనిచేసిన కంపెనీలో ప్రాజెక్ట్‌ని మోసింది అలాంటి ఇద్దరు కుర్రాళ్లే, ఎక్సెల్ షీట్‌లో వాళ్ల కాలమ్ ఎప్పుడూ అందరికంటే చిన్నది. బేస్‌బాల్‌లోనూ అంతే, ఖర్చు తక్కువ కనిపిస్తుంది కాబట్టి విలువ కూడా తక్కువని అనిపిస్తుంది.

2025 సీజన్ మొదలైంది. మార్చి 29న అదే బ్రూవర్స్ మీద, అదే కోర్టెజ్ బౌలింగ్‌లో, మొదటి మూడు బంతులకి మూడు హోమ్ రన్లు. కొట్టింది గోల్డ్‌ష్మిట్, బెలింజర్, ఆరన్ జడ్జ్. స్కోరు 20-9. అరే, ట్రేడ్ మనమే గెలిచాం అనుకున్నారు యాంకీస్ ఫ్యాన్స్.

నెల తిరిగేసరికి సీన్ మారింది. ఏప్రిల్ 25న సొంత గ్రౌండ్‌లో టొరంటో బ్లూ జేస్‌తో మ్యాచ్. ఒక పరుగు ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్‌కి విలియమ్స్ వచ్చాడు. మూడు పరుగులు ఇచ్చాడు, 4-2తో ఓటమి. సొంత ఫ్యాన్సే అరిచి గోల చేశారు. క్లోజర్ పోస్ట్ పోయింది. సీజన్ మొత్తానికి ఈఆర్‌ఏ 4.79.

అటు యాంకీస్‌కి థర్డ్ బేస్‌లో సరైన మనిషి లేడు. ఆడుతున్న ఓస్వాల్డో కబ్రేరాకి మే నెలలో చీలమండ విరిగింది. ఆ ఖాళీ నింపడానికి జూలైలో కొలరాడో నుంచి రయన్ మెక్‌మాన్‌ని తెచ్చారు. దానికి మళ్లీ ఇద్దరు కుర్ర పిచ్చర్లని ఇచ్చారు, పైగా 2026, 2027 రెండేళ్లూ అతనికి ఏడాదికి 1.6 కోట్ల డాలర్లు కట్టాలి. ఫీల్డింగ్ సూపర్, బ్యాటింగ్ అంతంతమాత్రం.

అదే టైమ్‌లో మిల్వాకీలో థర్డ్ బేస్ ఎవరు ఆడుతున్నాడు? డర్బిన్. మినిమమ్ జీతానికి. 11 హోమ్ రన్లు, 18 స్టీల్స్, రూకీ ఆఫ్ ద ఇయర్ ఓటింగ్‌లో మూడో స్థానం. బ్రూవర్స్ 97 మ్యాచ్‌లు గెలిచారు, మొత్తం లీగ్‌లో అవే ఎక్కువ.

యాంకీస్ గెలిచింది 94. బ్లూ జేస్ కూడా 94. సమానమైతే ముఖాముఖి రికార్డు చూస్తారు, అందులో టొరంటోదే పైచేయి, డివిజన్ వాళ్లకి పోయింది. యాంకీస్ అదనంగా వైల్డ్ కార్డ్ రౌండ్ ఆడి, తర్వాత టొరంటో వెళ్లి మొదటి రెండు మ్యాచ్‌లు 10-1, 13-7తో ఓడి, సిరీస్ 3-1తో పోగొట్టుకున్నారు. 162 మ్యాచ్‌లలో ఒక్క ఏప్రిల్ 25ని పట్టుకుని విలియమ్స్ మీద మొత్తం తోసేయడం అన్యాయమే, నేనూ ఒప్పుకుంటా. కానీ ఒక్క గెలుపు తేడాతో పోయిన డివిజన్‌లో, సీజన్ పొడుగునా ఖాళీగా ఉన్న పొజిషన్‌కి సరిపోయే కుర్రాణ్ణి డిసెంబర్‌లో చేతులారా ఇచ్చేశాం అంటే కడుపు మండదా?

'క్లోజర్లంతా ఇంతే బ్రో, ఎవరైనా ఫెయిల్ అవుతారు' అంటారు. కరెక్ట్. అదే చలికాలం లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ ట్యానర్ స్కాట్ అనే క్లోజర్‌ని ఫ్రీ ఏజెంట్‌గా తీసుకున్నారు, 4 ఏళ్లకి 7.2 కోట్ల డాలర్లు. అతని ఈఆర్‌ఏ 4.74. పది సేవ్‌లు చెడగొట్టాడు. ఇద్దరూ ఇద్దరే. కానీ డాడ్జర్స్‌కి పోయింది డబ్బే, వాళ్ల కుర్రాళ్లు వాళ్ల దగ్గరే ఉన్నారు, వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు. యాంకీస్‌కి ఆరేళ్ల థర్డ్ బేస్‌మాన్ పోయాడు. విలియమ్స్ కూడా ఈ నెల మొదట్లో మెట్స్‌తో మూడేళ్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుని సోటో దగ్గరికే చేరాడు.

కాబట్టి నా లెక్క ఇది. యాంకీస్‌కి మిగతావాళ్ల కంటే ఎక్కువున్నది డబ్బు. బెలింజర్‌ని, ఫ్రీడ్‌ని దాంతోనే తెచ్చారు, రెండూ హిట్. ట్యాక్స్ తప్పించుకుందామని చూసిన డీలే ఖరీదైంది.

అలాగని ఒక్క ఏడాది ప్లేయర్ కోసం కుర్రాళ్లని ఎప్పుడూ ఇవ్వకూడదని కాదు. 2023 డిసెంబర్‌లో సోటోని శాన్ డియాగో నుంచి తెచ్చింది కూడా అలాగే. మైకల్ కింగ్‌తో కలిపి ఐదుగుర్ని ఇచ్చారు, వరల్డ్ సిరీస్ ఆడారు. అది సోటో స్థాయి బ్యాటర్ కోసం. 70 ఇన్నింగ్స్ కూడా వేయని క్లోజర్ కోసం అదే పని చేయడం వేరు.

ఈ చలికాలానికి వద్దాం. బెలింజర్ ఆప్ట్ అవుట్ చేసి మళ్లీ ఫ్రీ ఏజెంట్. మార్కెట్‌లో కైల్ టక్కర్ కూడా ఉన్నాడు. ఇద్దర్లో ఒకణ్ణి తీసుకోవాల్సిందే, ట్యాక్స్ కట్టాల్సిందే. నేనైతే బెలింజర్‌కే ఓటేస్తా. అవుట్‌ఫీల్డ్‌లో మూడు చోట్లా ఆడతాడు, ఫస్ట్ బేస్‌కి కూడా పనికొస్తాడు, ఊరు అలవాటైంది.

ఇంకో పేరు గాల్లో తిరుగుతోంది, డెట్రాయిట్ పిచ్చర్ టారిక్ స్కూబల్. వరసగా రెండేళ్లు సై యంగ్ అవార్డు. 2026 తర్వాత ఫ్రీ ఏజెంట్, అంటే మళ్లీ ఒక్క ఏడాదే. డెట్రాయిట్ అడిగితే జార్జ్ లొంబార్డ్ జూనియర్ లాంటి కుర్రాణ్ణే అడుగుతుంది, చివర్లో 'ఇంకా ఒకడు' కూడా ఉంటాడు. నేనైతే లొంబార్డ్ పేరు కంటే ఆ 'ఇంకా ఒకడు' ఎవరన్నదే ముందు అడుగుతా.

మీరు జీఎం సీట్లో ఉంటే ఏం చేస్తారు? స్కూబల్ కోసం లొంబార్డ్‌ని ఇస్తారా, ఇవ్వరా? కామెంట్‌లో పెట్టండి. బెలింజర్ ఎక్కడైనా సైన్ చేసిన రోజు లైవ్‌లో కలుద్దాం.